అమ్మ చుట్టిన రాగితీగ

నాకు ఒక మనిషి మీద పగ ఉంది. నా వయసు వాళ్లు జ్ఞాపకాలు రాసేటప్పుడు ఈ మాట దగ్గరికి వచ్చేసరికి కలం మెత్తబడుతుంది. మనసు నొచ్చుకుందని రాస్తారు, కాలం అన్నీ మాన్పిందని రాస్తారు. నాకేమీ మానలేదు. ఆ మనిషి మా పెద్దనాయిన, అంటే మా నాయినకు సొంత అన్న. తొంభైకి దగ్గర పడుతున్నా గద్వాలలో తన ఇంట్లో కర్ర సాయం లేకుండా తిరుగుతాడు, పప్పులో ఉప్పు తక్కువైతే కోడలిని కేకలేస్తాడు. ఆయన బతికుండగానే ఇది రాయగలుగుతున్నాను. అది నా అదృష్టం.

ఎండాకాలం మొదట్లో ఆయన కూతురు సరోజక్క ఫోన్ చేసింది. నేనుండేది వనపర్తిలో. రాయచూరులో కాపురం చేసుకునే సరోజక్క పుట్టింట్లో శుభకార్యమని గద్వాలకు వచ్చి ఉంది. "పద్మా, మా తమ్ముని బిడ్డకు నిశ్చితార్థం పెట్టుకున్నం గద, ఇల్లు సున్నం కొట్టిస్తున్నం. అటక మీద నీ డబ్బా ఎల్లింది. పాత ఇనుపోనికి ఎయ్యమంటవా?" అంది. ఏ డబ్బా అని అడిగాను. "గదేనే, నా నిశ్చితార్థం నాడు పొగలొచ్చింది సూడు, గా డబ్బా."  ఎవరికీ వేయొద్దు, సంచిలో పెట్టి వనపర్తి బస్సు డ్రైవర్ చేతికివ్వు, నేను బస్టాండులో నిలబడతాను అన్నాను. ఆ సాయంత్రం బస్సు దిగిన డబ్బాను ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. దాని మీద మసి, ఎలుకల కంపు, నా పదహారేళ్ల వయసు అన్నీ పేరుకుని ఉన్నాయి.

అది ఒక ఇన్వర్టర్. ట్రాక్టర్ బ్యాటరీలో ఉండే కరెంటును ఇంటి బల్బు వెలిగే కరెంటుగా మార్చే యంత్రం. ఇప్పుడు ఏ షాపుకు పోయినా దొరుకుతుంది. అప్పట్లో మా ఊళ్లో అలాంటిది ఒకటుంటుందని కూడా ఎవరికీ తెలియదు. నేను దాన్ని చేత్తో చేశాను. సగం నేను చేశాను, సగం అమ్మ చేసింది.

మా నాయిన నాగర్‌కర్నూల్‌లో రేడియోలు బాగుచేసేవాడు. ఆయన జ్వరంతో పోయాక అమ్మా నేనూ గద్వాల వచ్చి పెద్దనాయిన పంచన చేరాం. మా వెంట వచ్చిన ఆస్తి ఒక రేకు పెట్టె. అందులో నాయిన సోల్డరింగ్ కడ్డీ, పాత రేడియోల నుంచి ఊడదీసిన సామాను, అంచులు చిరిగిన పుస్తకాలు ఉండేవి. పెద్దనాయిన ఇంట్లో మూడు గుంట మగ్గాలు. పొద్దున లేస్తే గంజి వాసన, పట్టు ఉడికిన నీళ్ల వాసన, వాటి మధ్యలో జొన్నరొట్టె కాలుతున్న వాసన. అందరికంటే ముందు లేచేది అమ్మ. రాట్నం ముందు కూర్చుని పట్టుపోగును కండెలకు చుట్టడం ఆమె పని. చుట్టు మీద చుట్టు ఎక్కకుండా, ఎక్కడా వదులు రాకుండా, మాట్లాడుతూనే చుట్టేది. ఆ ఇంట్లో ఆమె తిన్న ప్రతి ముద్దకూ ఆ రాట్నం బదులు చెప్పింది. అయినా పెద్దనాయిన వచ్చినవాళ్లందరికీ "మా తమ్ముని పెండ్లాన్ని, పిల్లను నేనే సాకుతున్న" అని చెప్పేవాడు. అమ్మ తల వంచుకుని చక్రం తిప్పుతూనే ఉండేది.

ఆయన అలవాట్లలో ఒకటి ఇక్కడ చెప్పాలి. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా ఆయన కంకణం కట్టేవాడు. నాలుగైదు జరీ పోగులు కలిపి పేని, పసుపు రాసి, మంచి జరగాలని దండం పెట్టి కట్టేవాడు. కొత్త మగ్గానికి కట్టాడు, సైకిల్‌కు కట్టాడు, కుట్టుమిషన్‌కు కట్టాడు, ఒకసారి కొత్తగా కొన్న రోకలికి కూడా కట్టాడు. మిగతా ఇళ్లలో నూలు దారం కడతారేమో, మా ఇంట్లో మాత్రం జరీనే. ఆ పని ఆయన తప్ప ఎవరూ చేయకూడదు. కంకణం తెగితే కీడని ఇంటిల్లిపాదికీ భయం.

ఆ రోజుల్లో దీపాలు పెట్టే వేళకు కరెంటు పోయేది. సరిగ్గా పట్టు అంచు నేసే సమయంలో పోయేది. లాంతరు పెడితే మసి రాలి లేత రంగు అంచుల మీద మచ్చలు పడేవి. పెద్దనాయిన మచ్చపడ్డ చీరను విదిలించి, ఎవరు దొరికితే వాళ్లను తిట్టేవాడు. ఒకరోజు ఆ తిట్లు వింటూ నేను, బ్యాటరీతో బల్బు వెలిగించే డబ్బా చేస్తానన్నాను. నాయిన పుస్తకాల్లో దాని బొమ్మ ఉంది. ఆయన నవ్వాడు. సరోజక్కకు అప్పుడే రాయచూరు సంబంధం ఖాయమవుతోంది కనుక మంచి హుషారులో ఉన్నాడు. "సరే, సరోజ నిశ్చితార్థం నాడు కరెంటు పోయినప్పుడు నీ డబ్బాతోని లైటు ఎలగాలె. ఎలిగితే నిన్ను వనపర్తిల పాలిటెక్నిక్‌కు పంపుత. ఇది నా మాట" అన్నాడు. నలుగురిలో అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సామానంతా నాయిన పెట్టెలోనే దొరికింది. రెండు పెద్ద ట్రాన్సిస్టర్లు, బుడిపెల్లాంటి ఇనప టోపీలతో ఉండేవి. వాటిని డబ్బా వెనకాల అల్యూమినియం రేకుకు బిగించాను, వేడి బయటికి పోవడానికి. రేకుకు తగలకుండా కింద అభ్రకం బిళ్లలు పెట్టాను. వాటిలో కరెంటు నడిచేది ఆ టోపీల్లోనే. అందుకే ఒక టోపీ ఇంకో టోపీకి ఎప్పుడూ తగలకూడదు. దొరకనిది ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే. పాతది ఒకటి విప్పి మళ్లీ చుట్టాలి. నేను చుడితే తీగ ఎగుడుదిగుడుగా వచ్చేది. అమ్మ చూసి చూసి, "ఇటియ్యి, అదేం బ్రహ్మవిద్య" అని రాట్నం మీద పెట్టి చుట్టడం మొదలుపెట్టింది. సన్నని రాగితీగ ఆమె వేళ్ల మధ్య నుంచి పట్టుపోగు పోయినట్టే పోయింది. వరుసకు వరుస, వరుసల మధ్య కాగితం. ఆమె జీవితంలో తనకోసం చుట్టింది అదొక్కటే. తనకోసం అంటే నాకోసం.

నిశ్చితార్థానికి ముందు రోజు మధ్యాహ్నం వంటింటి తలుపు మూసి స్విచ్ వేశాం. డబ్బా సన్నగా జుమ్మంది, బల్బు వెలిగింది. అమ్మ దాన్ని చూసి నవ్వలేదు, ఏడవలేదు. బల్బు కింద చెయ్యి పెట్టి, అరచేతి మీద పడ్డ వెలుగును చూసుకుంది. "మీ నాయిన ఉంటే..." అని ఆపేసింది. తర్వాత నా జడ విప్పి మళ్లీ గట్టిగా అల్లింది.

మర్నాడు రాయచూరు వాళ్లు వచ్చారు. దీపాల వేళకు అనుకున్నట్టే కరెంటు పోయింది. వాళ్లలో ఒక పెద్దాయన కన్నడంలో "కరెంట్ హోయ్తు" అని నవ్వాడు. పెద్దనాయిన గొంతు పెంచి, "ఆగుండ్రి, మా ఇంట్ల కరెంటు పోదు" అని నాకు సైగ చేశాడు. నేను స్విచ్ వేశాను. బల్బు ఒక్కసారి ఎర్రగా మిణుకుమని ఆరిపోయింది. డబ్బా వెనక నుంచి చిటపటమని చప్పుడు, కాలిన వాసన, పొగ. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. నేను డబ్బా దగ్గరికి పోయేలోపే పెద్దనాయిన నన్ను పక్కకు నెట్టి, బ్యాటరీ తీగ పీకి, డబ్బాను తనే ఎత్తుకుని లోపలి గదిలోకి తీసుకుపోయాడు. తిరిగి వచ్చాక అందరూ వినేలా అన్నాడు: "తండ్రి లేని పిల్ల అని ముద్దు చేసినం. చేతగాని పని నెత్తికెత్తుకుంది. తల్లి తీగ సక్కగ చుట్టలే, బిడ్డ పని సక్కగ చెయ్యలే. రేపటి సంది మగ్గం కాడ కూసుంటది, సదువు లేదు గిదువు లేదు."

మగ్గం దగ్గర కూర్చున్నాను. డబ్బాను ఒక్కసారి విప్పి చూస్తానని కాళ్లావేళ్లా పడ్డాను. విప్పనివ్వలేదు. ఎక్కడ పెట్టాడో కూడా చెప్పలేదు. దానికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. అమ్మ ఆ మాటను నమ్మింది. ఎక్కడో ఒక చుట్టు ఇంకో చుట్టు మీదికి ఎక్కి ఉంటుందని, పైపూత లేచి తీగకు తీగ తగిలి కాలిపోయిందని, తన చేతి తప్పు వల్ల బిడ్డ చదువు పోయిందని గట్టిగా నమ్మింది. అంతకుముందు మాట్లాడుతూ కండెలు చుట్టే మనిషి, ఆ తర్వాత ఒక్కో చుట్టూ వేలితో తడిమి చూసుకుంటూ చుట్టేది. పెద్దనాయిన అదంతా చూసేవాడు. రోజూ ఆమె పక్కనుంచే నడిచేవాడు.

తర్వాత నాకు వనపర్తిలో మోటార్ల వైండింగ్ చేసే ఆయనతో పెళ్లయింది. కాలేజీకి పోవాల్సిన ఊరికి కాపురానికి పోయాను. బోరు మోటార్లు కాలిపోయి మా షాపుకు వచ్చేవి. మా ఆయన బరువు పనులు చూసుకుంటే చుట్టే పని నేను చూసుకున్నాను. చుట్టీ చుట్టీ వేళ్లు కాయలు కాచాయి. రాత్రి పూట కథలు రాసుకున్నాను, కొన్ని అచ్చయ్యాయి. అమ్మ చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. దవాఖానాలో నా చెయ్యి పట్టుకుని, "నేను సక్కగ చుట్టి ఉంటే నువ్వు ఇంజనీరు అయ్యేదానివి" అంది. కాదమ్మా అని చెప్పాను. కాదని ఎలా తెలుసని అడిగింది. అప్పటికీ ఆ డబ్బా ఎక్కడుందో నాకు తెలియదు.

అందుకే డబ్బా ఇంటికి చేరిన మర్నాడే విప్పాను. మొదట మీటరు పెట్టింది అమ్మ చుట్టిన తీగకే. రెండు సగాలూ సమానంగా చూపించాయి. ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఒకదానికొకటి తగల్లేదు. ఇన్నేళ్లుగా వైండింగ్ చేసిన దాన్ని, చెడిన చుట్ట ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాగితం పొరలు గోధుమ రంగుకు తిరిగాయి కానీ తీగ మాత్రం నిన్న చుట్టినట్టు మెరుస్తోంది. దాన్ని ముందు పెట్టుకుని గట్టిగా ఏడ్చాను. మా ఆయన టీ తెచ్చి పెట్టి ఏమీ అడగకుండా పోయాడు.

చెడింది ట్రాన్సిస్టర్లు. రెండూ పోయాయి. అలాంటివే కొత్తకోటలో పాత రేడియో సామాను అమ్మే షాపులో దొరికాయి. అవి బిగించి, కాలిన చిన్న తీగలు మార్చి, ఈసారి దారిలో ఒక ఫ్యూజు కూడా పెట్టి స్విచ్ వేశాను. బల్బు వెలిగింది. మధ్యాహ్నమంతా వెలిగింది. రేకు గోరువెచ్చగా తప్ప వేడెక్కలేదు. అంటే నేను వేసిన సర్క్యూట్ సరైనదే. మరి ఆ రోజు ఎందుకు కాలింది? ఊడదీసిన పాత ట్రాన్సిస్టర్లను ఎండలో పెట్టి చూశాను. రెండు టోపీల చుట్టూ సన్నటి నల్ల గీత, దారం చుట్టినట్టు. ఒకదాని అంచున ఆవగింజంత కూడా లేని పసుపుపచ్చ లోహపు బొట్టు కరిగి అంటుకుని ఉంది. గద్వాల మగ్గాల మధ్య పెరిగినదానికి ఆ మెరుపు ఏమిటో తెలియకుండా ఉంటుందా? అది జరీ.

ఇంట్లో ఉన్న జరీ దారం తెచ్చి కొత్త బుడిపెలు రెండింటినీ కలిపి కట్టాను. స్విచ్ వేస్తే బల్బు హాయిగా వెలిగింది. కొంతసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత నా తెలివికి నాకే నవ్వొచ్చింది. ఇప్పటి జరీ పేరుకే జరీ, పైన మెరిసేదంతా ప్లాస్టిక్ పూత. కరెంటు దాంట్లో ఎలా పోతుంది? బీరువాలోంచి అమ్మ పెళ్లిచీర తీశాను. అంచు చివర విడిపోయిన పోగులు నాలుగు లాగి, పేని కట్టాను. అది అసలు జరీ, పట్టు మీద వెండి తీగ చుట్టి బంగారు నీరు పెట్టినది. స్విచ్ వేయగానే ఫ్యూజు టప్పున పోయింది. ఆ కాలం వాళ్లు మోసం లేని వెండి వాడారు, అందుకే నా బతుకు కాలింది. ఇప్పుడు అన్నిట్లో కల్తీ, ఇన్వర్టర్‌కు మాత్రం ఏ ప్రమాదమూ లేదు.

వెంటనే సరోజక్కకు ఫోన్ చేశాను. "అక్కా, ఆ రోజు మీ నాయిన నా డబ్బాకు కంకణం కట్టిండా?" అని అడిగాను. "కట్టకుండ ఉంటడా? రాయచూరోల్లు రాకముందు, నువ్వు వంటింట్ల ఉన్నప్పుడు నేనే పసుపు కలిపిచ్చిన. ఎనక రెండు బుడిపెలుండె, కట్టనీకె మంచిగున్నయని వాటికే కట్టిండు" అంది. తర్వాత ఆ దారం కనిపించిందా అన్నాను. "ఏమో, యాదికి లేదు. ఎందుకే?" ఊరికేనన్నాను.

తెలియక కట్టాడు, అంతవరకు ఒప్పుకుంటాను. మంచి జరగాలనే కట్టాడు. కానీ డబ్బాను లోపలికి ఎత్తుకుపోయిన మనిషి కాలిన దారం చూశాడా లేదా? చూడకపోతే అమాయకుడు, నా పగ అన్యాయం. చూస్తే, చూసి కూడా అమ్మను ఆ రాట్నం ముందు అన్నేళ్లు కుమిలిపోనిచ్చాడు. నాకు అదొక్కటే తేలాలి. అడిగితే చెప్పే మనిషి కాదు. అందుకే డబ్బాను తుడిచి, రంగు వేసి, పైన పట్టుకోవడానికి ఒక పిడి బిగించాను. బ్యాటరీ కొన్నాను. అమ్మ చీర అంచు నుంచి మరి నాలుగు పోగులు లాగి, పేని, పసుపు రాసి ఆరబెట్టాను.

నిశ్చితార్థం సాయంత్రం గద్వాల ఇంట్లో మగ్గాల గుంటలు పూడ్చి బండలు పరిచి ఉన్నాయి. గంజి వాసన లేదు, తెప్పించిన బిర్యానీ వాసన ఉంది. కరెంటు పోయే బెంగ ఎవరికీ లేదు, వాకిలి నిండా రంగురంగుల లైట్లు. తాంబూలాలు మార్చుకునే దాకా నేను నోరు విప్పలేదు. ఆ పెళ్లికూతురితో నాకు పగ లేదు. మగపిల్లవాడి వైపు వాళ్లు పిల్ల నెత్తిన అక్షింతలు వేసి, సంబంధం గట్టిపడ్డాక డబ్బాను తెచ్చి పెద్దనాయిన కుర్చీ ముందు బల్ల మీద పెట్టాను. చిన్నప్పుడు చేసిందంట, బాగు చేసి తెచ్చిందంట అని అందరూ చుట్టూ మూగారు. నేను పసుపు దారం ఆయన చేతిలో పెట్టి, "పెద్దనాయినా, నీ చేతులతోని కంకణం కట్టు. నువ్వు కట్టినంకనే లైటు ఎలిగిస్త" అన్నాను.

ఆయన మురిసిపోయాడు. దారాన్ని వేళ్ల మధ్య నలిపి, "పాత జరీ" అన్నాడు మెచ్చుకుంటూ. కళ్లకు అద్దుకున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి డబ్బా వెనక్కి, రెండు బుడిపెల దగ్గరికి పోయింది. అక్కడ ఆగింది. దారం ఒక బుడిపెకు తగలబోయి ఆగిన ఆ చెయ్యి, మెల్లగా వెనక్కి వచ్చి, పైకి జరిగి, పిడికి కట్టింది. ముడి వేసేటప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

నాకు తేలిపోయింది.  కానీ అడిగింది నేను కాదు, సరోజక్క. ఏమీ తెలియని సరోజక్క నవ్వుతూ, "అదేంది నాయినా, నా నిశ్చితార్థం నాడు ఎనక బుడిపెలకు కట్టినవు గద?" అంది.

"అక్కడ కడితే కాలుతది" అన్నాడు. నోరు జారాక మూసుకున్నాడు.

"నీకెట్ల తెలుసు పెద్దనాయినా?" అన్నాను. పెళ్లివారు కూడా మాటలు ఆపి చూస్తున్నారు.

ఆయన మెడలోని ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నాడు. అబద్ధం వెతుక్కునే ఓపిక ఆ వయసులో లేకపోయిందో, ఎలాగూ దొరికిపోయాననుకున్నాడో. "లోపలికి తీస్కపోయినప్పుడు సూసిన. దారం నల్లగయి తెగి ఏలాడుతుండె. తీసి జేబుల ఏసుకున్న. కాలిన కంకణం రాయచూరోల్లు సూస్తే సరోజ సంబంధం నిలుస్తుండెనా? ఎవరి మీదనన్న ఎయ్యాలె గద."

"అమ్మ మీద ఏసినవు."

"ఆడమనిషి, రెండు దినాలు ఏడ్చి మర్చిపోతదనుకున్న."

"మర్చిపోలే. దవాఖానల సచ్చిపోయే ముంగట గూడ ఆ తీగ ముచ్చటే మాట్లాడింది. అమ్మ చుట్టిన చుట్టుల ఒక్క తప్పు లేదు. అందరు ఇంటున్నరు, నువ్వే చెప్పు. ఆ దినం నలుగురిల ఎట్ల అన్నవో అట్లనే చెప్పు."

సరోజక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  నేను కదల్లేదు. ముసలివాణ్ని అలా నిలదీస్తుందేమిటని ఎవరో అనడం వినిపించింది, వినపడనట్టే ఉన్నాను. చివరికి ఆయన, "నా తమ్ముని పెండ్లాం చుట్టింది సక్కగనే ఉండె. తప్పు నాది" అన్నాడు. గొంతు బయటికి రాలేదు. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పాడు, ఈసారి వాకిట్లో ఉన్నవాళ్లకు కూడా వినిపించింది.

అప్పుడు స్విచ్ వేశాను. డబ్బా సన్నగా జుమ్మంది. అన్ని రంగుల లైట్ల మధ్య ఆ పాత రకం బల్బు పచ్చగా వెలిగింది. దాని కింద ఒక్క క్షణం చెయ్యి పెట్టి, అరచేతి మీద వెలుగు చూసుకున్నాను. ఆ తర్వాత పిడికి ఆయన కట్టిన కంకణం ముడి విప్పడం మొదలుపెట్టాను. గట్టి ముడి, గోళ్లతో విప్పాల్సి వచ్చింది. అంతసేపూ ఆయన నా చేతులనే చూస్తూ కూర్చున్నాడు. కంకణం విప్పడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

"నీ దీవెన మాకొద్దు పెద్దనాయినా" అని, దారాన్ని ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు నేనే ఒక్కొక్కటిగా మూశాను.